సరస్సు ఒడ్డున డైమను ఏడు

పోయిన శనివారం మేమిప్పుడుంటున్న ఊరు బాతెల్‌లో తెల్లవారింది మొదలు ఒకటే ముసురు. ఇక్కడ ముసురు వింతేమీ కాదు గానీ, సెలవు పెట్టుకుని హవాయి వెళ్ళిన మా అమ్మాయి ఫోన్ చేసి, అక్కడా వానేనని, ట్రిప్ అంతా వేస్ట్ అయిపోయిందని దిగాలుగా చెప్పేసరికి, ఓదార్చవలసిన నేను నవ్వు ఆపుకోలేకపోయాను. నేను చేసిన ప్రయాణాలన్నిటిలోకీ గెలిచి ఇంటికి వచ్చానని చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది, అది రోజల్లా వాన కురిసిన ప్రయాణమే మరి.

అప్పట్లో మేము న్యూజెర్సీలో, ఐసెలిన్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను హెచ్‌వన్ వీసా మీద కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. మామగారు పోయిన కొన్ని నెలలకు అత్తగారిని మావారు మా దగ్గరికి తీసుకొచ్చారు. ఆవిడ గోదావరి లంకలో పుట్టి పెరిగిన మనిషి, పడవ ఎక్కందే బడికి కూడా వెళ్ళలేదట. పేకాటంటే ప్రాణం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడా మామగారూ ఒక జట్టు, పక్కింటి దంపతులు ఒక జట్టుగా చాప పరిచారంటే దీపాలు పెట్టే వేళకు గానీ లేచేవారు కారని మావారు చెబుతుండేవారు. ఆయన పోయాక ఆవిడ మళ్ళీ ముక్క ముట్టుకోలేదు. మా ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పార్కింగ్‌లో కార్ల వంక చూస్తూ కూర్చునేవారు. ఏం వండమంటారని అడిగినా, ఎక్కడికి వెళదామని అడిగినా ‘నీ ఇష్టం’ అన్నదే జవాబు. కోపమో దుఃఖమో తెలియని ఆ ముఖం చూస్తే, కోడలిగా ఇంకా కుదురుకోని నాకు భయంగానే ఉండేది. చివరికి ఒకనాడు తిరుగు టికెట్ బుక్ చేసెయ్యమని కొడుకుతో చెప్పేశారు.

సరిగ్గా అప్పుడే మావారికి మిలాన్‌లో ఆఫీసు పని పడింది. మా ఇద్దరినీ కూడా వెంటబెట్టుకుని వెళ్ళి, తన పని అయ్యేదాకా దగ్గరలోనే సరస్సు పక్కనున్న ఒక చిన్న ఊళ్ళో బస ఏర్పాటు చేసి, తాను మిలాన్ వెళ్ళిపోయారు. చేరిన సాయంత్రం అత్తగారు గది వసారాలో నిలబడి, నీళ్ళ నడుమ పచ్చగా కనబడుతున్న ఒక చిన్న దీవిని చాలాసేపు చూశారు.

“రేపు ఆ లంకలోకి వెళ్ళొద్దామా అమ్మాయ్?”

ఇన్ని నెలల్లో ఆవిడ నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం అదే మొదలు. నాకు రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లవారి లేచి చూస్తే కొండలు కూడా కనబడనంత వాన. రేవుకు వెళితే గాలి ఎక్కువగా ఉందని పడవలన్నీ ఆపేశారు. ఆ మర్నాడు పొద్దున్నే మా తిరుగు రైలు. ఇక దీవికి వెళ్ళడం కుదరదని చెప్పక తప్పింది కాదు. ఆవిడ ‘సరేలే’ అని పైట తలమీదకు లాక్కున్నారు. ఆ ‘సరేలే’ వినడం కంటే ఆవిడ నన్ను తిట్టినా బాగుండుననిపించింది.

తడిసిపోతూ రేవు ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో దూరాం. ఒక మూల బల్ల దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు పేక ఆడుకుంటున్నారు. హోటల్ నడిపే ఆవిడకు కొంచెం ఇంగ్లీషు వచ్చు. వాళ్ళిద్దరూ పడవలు నడిపేవాళ్ళేనని, రోజూ నలుగురు ఆడతారని, వానకు మిగతా ఇద్దరూ రాలేదని చెప్పింది. ఆ ముక్కలు మన పేకలా లేవు. నాణేలు, గిన్నెలు, కత్తులు, దుడ్డుకర్రలు ఉన్నాయి. అత్తగారు కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అటే చూస్తూ, కాసేపటికి నావైపు వంగారు.

“గిన్నెలు ఆఠీన్లనుకో, నాణేలు డైమన్లనుకో. కింద ఉన్నవాటిని కూడితే మన ముక్కకు సరిపోవాలి, అంతే. మనల్నీ కూర్చోమంటారేమో అడుగు.”

నేను అడిగాను. ఎందుకింత ఉత్సాహమని హోటలావిడ అడిగితే దీవి సంగతీ చెప్పాను. ఆవిడ అది తర్జుమా చేయగానే వాళ్ళలో ఎర్రముఖం పెద్దాయన నవ్వి, మూడాటల్లో రెండు మేము గెలిస్తే గాలి తగ్గాక తన పడవలో తానే తీసుకెళతానన్నాడు. ఆడవాళ్ళమిద్దరం ఒక జట్టు, వాళ్ళిద్దరూ ఒక జట్టు.

మొదటి ఆట చిత్తుగా ఓడిపోయాం. బల్ల మీది ముక్కలన్నీ ఒకేసారి ఎత్తేస్తే అదనంగా ఒక పాయింటట, ఆ ఎత్తును వాళ్ళ భాషలో చీపురు అంటారని హోటలావిడ తలుపు వెనక చీపురు తీసి చూపించింది. “ఊడ్చేయడమన్నమాట, మనమూ అలాగే అంటాంగా,” అన్నారు అత్తగారు, తృప్తిగా. రెండో ఆట ఎలా గెలిచామో నాకు తెలియదు, నేను ఆవిడ కళ్ళు చూసి ముక్క వేస్తున్నానంతే. మూడో ఆట చివరికి వచ్చేసరికి ఇరుపక్షాలూ సమానం. అన్నిటికంటే విలువైన నాణేల ఏడు ఇంకా ఎవరూ వేయలేదు. నా ముఖంలో కంగారు చూసి అది నా దగ్గరే ఉందనుకున్నాడేమో పెద్దాయన, కింద నాలుగూ రెండూ ఉండగా ధీమాగా ఒక ఆసు, అంటే ఒకటి, పడేశాడు. తర్వాతి వంతు అత్తగారిది. ఆవిడ, కిటికీ దగ్గర కూర్చున్నప్పటి ఆ ముఖంతోనే, డైమను ఏడు తీసి మెల్లగా కింద పెట్టి మూడు ముక్కలూ దగ్గరికి లాక్కున్నారు. బల్ల నున్నగా అయిపోయింది.

“ఊడ్చేశాను,” అన్నారు.

పెద్దాయన లేచి నిలబడి టోపీ తీశాడు. నేను బల్ల చుట్టూ పరిగెత్తి అత్తగారిని కౌగిలించుకున్నాను. అంతకు ముందు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఎరగను.

సాయంత్రానికి గాలి పడిపోయింది, వాన తుంపరగా మారింది. అన్న మాట ప్రకారం ఆయన పడవ విప్పాడు. సరస్సు మొత్తం మీద మా పడవ ఒక్కటే. అత్తగారు ముందువైపు కూర్చుని, చెప్పులు విప్పి ఒళ్ళో పెట్టుకుని, రాజ్యం గెలిచిన మనిషిలా దీవికేసి చూస్తున్నారు. దిగగానే రేవు మెట్టు మీద నీళ్ళలో పాదాలు పెట్టి, చీర తడిసినా లెక్కచేయక, మీ మామగారైతే ఆ ఆసు వేసేవారే కాదని చెప్పి పకపకా నవ్వారు. మర్నాడు మిలాన్‌లో రైలు దిగగానే తిరుగు టికెట్ సంగతి తర్వాత చూద్దాంలెమ్మని కొడుకుతో అన్నారు. ఆ తర్వాత రెండేళ్ళు ఐసెలిన్‌లో మా కార్పెట్ మీద ఆట సాగని శనివారం లేదు. పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు తట్టి, ‘ఆంటీ ఉన్నారా’ అంటూ వచ్చి కూర్చునేవారు.

అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ నేర్పిన ఆట ఇంకా నా చేతిలోనే ఉంది. కానీ మన ఈడు వాళ్ళకు తెలియనిదేముంది, ఇప్పుడు నలుగురిని కూర్చోబెట్టాలంటే మూడు వారాల ముందు అందరి క్యాలెండర్లూ చూడాలి, వచ్చినవాళ్ళు పార్టీకి వచ్చినట్టు వస్తారు. ఇళ్ళు పెద్దవయ్యాయి, తలుపులకు కెమెరాలు వచ్చాయి. ఊరికే వచ్చి తలుపు తట్టేవాళ్ళు లేకుండా పోయారు. నిజం చెప్పాలంటే, నేనూ తట్టడం మానేశాను.