కుడివైపు వెనక చక్రం

ట్రావెల్ ట్రైలర్ కొందామని పట్టుబట్టింది నేనే. కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరిగే ఆ చిన్న ఇంటిని చూసి మావారు నవ్వి, "దీని రిపేర్లు మాత్రం నన్ను అడక్కు," అన్నారు. అడిగే అవసరం నాకు లేదు. కెనడాలో, సస్కటూన్‌లో విత్తనాలు నాటే యంత్రాలు తయారుచేసే కంపెనీలో పదకొండేళ్లుగా, ఇరుసు మీద చక్రం సాఫీగా తిరిగేలా చేసే బేరింగులు పరీక్షించడమే నా ఉద్యోగం. చక్రం తిరిగే చప్పుడు వింటే దాని ఆరోగ్యం నాకు తెలిసిపోతుంది.

అయినా ఆ ఏడాది వసంతంలో నా మణికట్టు బెణికింది. అందుకని ఊరి చివర ఒక షాపులో ట్రైలర్ ఇచ్చి, నాలుగు చక్రాల బేరింగులూ కడిగి కొత్త గ్రీజు పెట్టమన్నాను. పెట్టామని కాగితం కూడా ఇచ్చారు.

జూలైలో మా చర్చి కుటుంబాలు మూడు కలిసి ఉత్తరాన ఒక సరస్సు దగ్గరికి బయలుదేరాం. మూడు ట్రైలర్లు వరుసగా వెళుతున్నాయి. గంటన్నర తర్వాత ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాం. అందరూ కాఫీకి లోపలికి వెళితే, నేను అలవాటు ప్రకారం ట్రైలర్ చుట్టూ తిరిగి ఒక్కో చక్రం నడిమి భాగానికి అరచేతి వెనకవైపు ఆనించి చూశాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. కుడివైపు వెనక చక్రం దగ్గర చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాను. మాడిన నూనె వాసన వస్తోంది.

మా బృందంలో పెద్దాయన కాఫీ కప్పుతో వచ్చి వంగి చూశారు. మేమంతా ఆయన్ని అంకుల్ అంటాం.

"ఎండ అటువైపే పడుతోంది కదమ్మా, అందుకే వేడి."

"పక్క చక్రం మీదా అదే ఎండ పడుతోంది కదా అంకుల్. అదెందుకు కాలట్లేదు?"

ఆయన కాఫీ కప్పుతో తన ట్రైలర్ వైపు నడిచారు. మావారు గొంతు తగ్గించి, "అందరూ మనకోసం ఆగారు. క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లాక చూద్దాంలే," అన్నారు.

"దార్లో చక్రం ఊడి ఎదురుగా వచ్చే కారు మీద పడితే? నేను కదలను. వాళ్లని వెళ్లమనండి."

ఆ మాట కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. మిగతా రెండు కుటుంబాలూ మొహమాటపడుతూనే బయలుదేరాయి.

బంకు పక్కనే ఒక గరాజ్ ఉంది. అక్కడి మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, చక్రాన్ని ముట్టుకుని, "బ్రేకు పట్టేస్తోంది. ట్రైలర్లకి ఇది మామూలే. నెమ్మదిగా పోతే సరిపోతుంది," అన్నాడు, మావారి వైపు చూస్తూ. "బ్రేకే అని ఎలా చెప్పగలరు?" అని అడిగాను. దానికి జవాబు కూడా మావారికే చెప్పాడు.  తిట్టాలనిపించింది కానీ, తిడితే చక్రం చల్లబడదు. పైగా అతను చెప్పినదాంట్లో నిజం ఉండే అవకాశమూ ఉంది. బ్రేకు రాపిడి వల్ల కూడా చక్రం అలాగే కాలుతుంది.

కనుక తేల్చుకోదలిచాను. చక్రం పూర్తిగా చల్లారేదాకా గంటసేపు కూర్చున్నాం. ట్రైలర్ బ్రేకులు మన కారులోంచి పంపే కరెంటుతో పనిచేస్తాయి. ఆ కరెంటు ఆపేసి, బంకు వెనక ఉన్న ఖాళీ మట్టిరోడ్డు మీద మెల్లగా కొంత దూరం పోయి వచ్చాం. కారు బ్రేకు తప్ప మరేదీ వాడలేదు. దిగి ముట్టుకుంటే మూడు చక్రాలు చల్లగా ఉన్నాయి. నాలుగోది మళ్లీ కాలుతోంది.

"బ్రేకు కాదు," అన్నాను. ఈసారి మావారు వాదించలేదు. మిగతా చక్రాలకు అడ్డంగా చెక్కలు పెట్టి, తనే జాకీ తీసుకొచ్చారు.

చక్రం గాల్లోకి లేచాక తిప్పాను. ఇసుక నమిలినట్టు కరకరమంది. పైనా కిందా పట్టుకుని ఊపితే టక్కుటక్కుమని కదిలింది. మూత తీసి, నట్టు విప్పి, బేరింగు బయటికి లాగాను. ఎర్రగా, మెత్తగా ఉండాల్సిన గ్రీజు అడుగంటిన చింతపండు గుజ్జులా నల్లగా గట్టిపడింది. ఉక్కు రోలర్లు వేడికి నీలం రంగుకి తిరిగాయి. ఒకదాని మీద పెచ్చు లేచింది. సరిచూద్దామని ఎడమవైపు చక్రం మూత తీస్తే అక్కడ ఎర్రటి తాజా గ్రీజు నిగనిగలాడుతోంది. ఆ షాపువాళ్లు కుడివైపు వెనక చక్రాన్ని అసలు విప్పనే లేదు.

విడి బేరింగుల సెట్టు ఒకటి నా టూల్‌బాక్సులో ఎప్పుడూ ఉంటుంది. ఇరుసు మీద గోరు పెట్టి గీసి చూశాను. గోరుకి ఎక్కడా గీత తగల్లేదు, ఇరుసు బాగానే ఉంది. పాత బేరింగు కూర్చునే వలయాలు కొట్టి తీసి, కొత్తవి దించి, అరచేతిలో గ్రీజు పెట్టుకుని రోలర్ల మధ్యకి వేళ్లతో కూరుతుంటే మెకానిక్ వచ్చి నిలబడ్డాడు.

"ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు?" ఈసారి నన్నే అడిగాడు.

"పనిలో," అన్నాను, తలెత్తకుండా.

దారిలో అరగంటకోసారి ఆగి ముట్టుకుని చూసుకుంటూ, పొద్దుగూకకముందే సరస్సు చేరుకున్నాం.

తిరిగొచ్చిన సోమవారం ఆ పాడైన బేరింగును పేపర్ టవల్‌లో చుట్టి, వాళ్లిచ్చిన కాగితంతో సహా షాపుకి వెళ్లాను. మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "బరువెక్కువ వేసి ఉంటారు మేడమ్," అన్నాడు.

"బరువు నాలుగు చక్రాల మీదా పడుతుంది, ఒక్కదాని గ్రీజే నల్లబడదు. ఇది ఈ ఏడు గ్రీజు కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు."

వచ్చేసారి సర్వీసు ఉచితంగా చేస్తానన్నాడు. వద్దన్నాను. ఏదో పొరపాటు జరిగి ఉంటుందన్నాడు. ఆ పొరపాటేదో ఈ కాగితం మీద రాసివ్వమన్నాను. అలా రాయడం కుదరదన్నాడు. సరేనని కౌంటరు ముందే నిలబడ్డాను. నా వెనక ఒకరు, ఇద్దరు, ముగ్గురు చేరారు. వెనకనున్న ముసలావిడ, "ఏమైందమ్మా?" అని అడిగింది. బేరింగు చూపించి, జరిగింది జరిగినట్టు, అందరికీ వినబడేలా చెప్పాను.

మేనేజరు పెన్ను తీశాడు. కుడివైపు వెనక చక్రం విప్పలేదని ఒకే ఒక్క వాక్యం రాసి కాగితం నావైపు తోశాడు. చదివి, కింద సంతకం కూడా పెట్టమని తిరిగి అతని వైపు తోశాను.