టిక్కుల టీచరు

మాటలు రాని పిల్లలకు నేర్పే ఆ సెంటర్లో ఆమెను అందరూ టిక్కుల టీచరనేవారు. పిల్లలు అడిగింది చేస్తే టిక్కు, చేయకపోతే సున్నా. పదేళ్లుగా అదే పని. ఇంట్లో మొగుడు కూర బాగుందన్నా టిక్కు పెట్టుకుంటుందని తోటివాళ్ల వేళాకోళం.

నాలుగు నెలలుగా ఆమె ఎదుట కూర్చుంటున్నది ఏడేళ్ల పిల్ల. మాట లేదు. ఎవరి మొహమూ చూడదు, కన్నతల్లి మొహం కూడా. చిన్న గదిలో రెండు కుర్చీలు, బల్ల మీద మూడు బొమ్మల కార్డులు. "కప్పు ఏది?" అంటే పిల్ల కప్పు బొమ్మ తీసివ్వాలి. ఇస్తే టీచరు సబ్బు బుడగలు ఊదుతుంది. మొదట్లో కార్డులన్నీ నేలపాలయ్యేవి, ఇప్పుడు పదికి తొమ్మిది టిక్కులు. సోమవారం సెంటరు పెద్ద మేడమ్ ఆ టిక్కుల కాగితాలు చూసి ఊ అంటే పిల్ల మామూలు బడిలో చేరుతుంది. తల్లి అప్పుడే బడి సంచి కొనేసింది.

శుక్రవారం కంటి డాక్టరు చుక్కలేసి పంపడంతో వెలుతురు పడక, టీచరు నల్ల కళ్లజోడు పెట్టుకుని వచ్చింది.

"కప్పు ఏది?"

పిల్ల కార్డుల వంక చూడనే లేదు. తలెత్తి ఆ నల్లటి అద్దాల్లోకి చూసింది. అటు వంగి, ఇటు వంగి వెతికింది. చివరికి చేతికందిన బూటు బొమ్మ ఇచ్చింది. పదిసార్లు అడిగితే వచ్చినవి మూడు టిక్కులు.

టీచరుకు అప్పుడు అర్థమైంది. అడిగిన ప్రతిసారీ తన చూపే సరైన కార్డు మీదికి పోతోంది, పిల్ల ఆ చూపు పట్టుకుని తీసిస్తోంది. పరీక్ష పెడుతూ జవాబు తనే చెబుతోందన్నమాట! ఇంతటి పనిమంతురాలికి అంతకన్నా తలవంపు ఏముంటుంది? రేపు కళ్లజోడు తీసేస్తే టిక్కులు మళ్లీ వచ్చేస్తాయి, మూడో కంటికి తెలియదు. కానీ బడిలో ముప్పై మంది మధ్య ఆ పిల్లకు జవాబు చెప్పే కళ్లు ఎక్కడ దొరుకుతాయి? కాగితాలన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టి, తల్లిని లోపలికి పిలిచి జరిగిందంతా చెప్పింది.

"తప్పు నాదేనమ్మా. సోమవారం కుదరదు. మళ్లీ మొదట్నుంచీ నేర్పాలి."

తల్లి పిల్ల వంక చూసింది. "మరి ఇన్నాళ్లూ ఇది నేర్చుకుందేమిటండీ?"

"నా మొహం చూడ్డం."

అనేశాక గానీ, అన్నదేమిటో టీచరుకు తట్టలేదు. గబుక్కున లేచింది. "రండి, నా కుర్చీలో కూర్చోండి. కప్పు ఏదని అడిగి, కప్పు వైపు ఒక్కసారి చూడండి. అంతే."

తల్లి కూర్చుంది. "కప్పు ఏదమ్మా?" అంది.

పిల్ల తలెత్తింది. తల్లి కళ్లలోకి చూసింది. అలా చూస్తూనే ఉంది.

తల్లి కప్పు వైపు చూడటం మర్చిపోయింది.