మంచి రొయ్యలో నల్లగీత

పాలపొడి నీళ్లలో కలుపుతుంటే వచ్చే ఆ తియ్యటి వాసన ఇప్పటికీ నన్ను రజియా మేడమ్ ఎదుట నిలబెడుతుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, విజయవాడలో ఒక చిన్న ల్యాబులో ఆవిడ దగ్గర పరిశోధన చేశాను. డెల్టా చెరువుల్లో రొయ్యల్ని తుడిచిపెడుతున్న తెల్లమచ్చ వైరస్‌ను పట్టే పరీక్ష తయారుచేయడం మా పని. రొయ్యలోని ప్రొటీన్లను సైజువారీగా విడదీసి, ఒక పొర మీదికి ఎక్కించి, పాలపొడి నీళ్లలో నానబెట్టి, వైరస్‌కే అంటుకునే యాంటీబాడీ పోస్తే, వైరస్ ఉన్న రొయ్య వరసలో నల్లగీత పడాలి. దాన్నే వెస్టర్న్ బ్లాట్ అంటారు.

జబ్బు రొయ్యలో గీత పడింది. నా ఖర్మ కాకపోతే, మంచి రొయ్యలోనూ సరిగ్గా అక్కడే పడింది! మంచి చెరువుకు కూడా జబ్బుందని చెప్పే పరీక్ష ఎవరికి కావాలి? నా థీసిస్ మునిగినట్టే. మూడు వారాలు మొండిగా పోరాడాను. యాంటీబాడీ పలచన చేశాను, పాలపొడి మార్చాను, చేతులు పడిపోయేలా కడిగాను. గీత చెక్కు చెదరలేదు.

ఒళ్లు మండి మేడమ్ దగ్గరికి వెళ్లాను. "ఆ మంచి రొయ్య వరస కత్తిరించేసి ఫొటో పెట్టేద్దామండీ. ఎవరికి తెలుస్తుంది?"

"దీన్ని నమ్మి మంచి చెరువు ఖాళీ చేసుకున్న రైతుకు తెలుస్తుంది," అన్నారావిడ, తల ఎత్తకుండానే. "అయినా అది మంచి రొయ్యని నీకెవరు చెప్పారమ్మాయ్?"

"మార్కెట్లో కొన్నానండీ. గిలగిలా కొట్టుకుంటున్నాయి కూడా."

"ఆ రోజు కుప్పలు పోసి చవగ్గా ఇచ్చారా?"

"అవునండీ."

మేడమ్ పకపకా నవ్వారు. వాళ్ల నాన్నగారిది వన్ టౌన్‌లో రొయ్యల వ్యాపారం. "చెరువులో మచ్చ కనబడితే రైతు ఆగుతాడా? చచ్చేలోగా పట్టించి అమ్మేస్తాడు. అందుకే ఆ చవక. నీ యాంటీబాడీ నిజమే చెప్తోందేమో, చూడు!"

సిగ్గుతో చచ్చిపోయాను. రొయ్యల చెరువులున్న ఇంటి పిల్లని. మా నాన్నే అలా హడావుడిగా పట్టించిన రోజులున్నాయి. ల్యాబు కోటు వేసుకోగానే అదంతా ఎలా మరిచిపోయానో!

జబ్బు సోకని చెరువు వెతికి, వేరే పద్ధతిలో కూడా పరీక్ష చేయించి, కొత్త రొయ్యలు తెచ్చాను. వాటి వరస గీత లేకుండా తెల్లగా వచ్చింది. ఆ రెండో పద్ధతిలోనే మార్కెట్ రొయ్యలో వైరస్ ఉన్నట్టు తేలింది. ఎగిరి గంతేయబోతుంటే, "ఇంకో రెండుసార్లు చెయ్యి," అన్నారు మేడమ్. చేశాను. పాత బ్లాట్ కూడా థీసిస్‌లో పెట్టమన్నారు. ఏడుపొచ్చినా పెట్టాను.

ఇప్పుడు నా విద్యార్థులు "ఇది మంచి శాంపిలండీ" అంటే, "ఎవరు చెప్పారు?" అని అడుగుతాను. చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు. అప్పుడు నా థీసిస్ తెరిచి, నేను కత్తిరించాలనుకున్న ఆ వరస చూపిస్తాను.