దుబాసీ చొక్కా

కోర్టు కచేరీలో నిలబడే మనిషికి నాలుక ముఖ్యమా, చొక్కా ముఖ్యమా అని అడిగితే వాసం ఉపేంద్ర మొదట్లో నాలుకే అనేవాడు. దోర్లీ అతని తల్లిభాష. తెలుగు మద్దేడ్ సంతలో అబ్బింది. గోండీ మేనమామల ఊళ్లో పశువులు కాస్తూ నేర్చుకున్నాడు. హిందీ మాత్రం బడిలో దెబ్బలతో వచ్చింది. ఈ నాలుగూ ఉన్నందుకే కోర్టువాళ్లు అతణ్ణి దుబాసీగా పిలవసాగారు. అడవి ఊళ్ల సాక్షి గోండీలో చెప్పినదాన్ని హిందీలోకి, జడ్జి హిందీలో అడిగినదాన్ని గోండీలోకి మార్చడం అతని పని. పిలుపు రాని రోజుల్లో తన చెలక, తన ఎడ్లు.

చొక్కా సంగతి అతనికి తెలియజెప్పినవాడు పేష్కారు, అంటే జడ్జి బల్ల పక్కన కూర్చుని కేసులు పిలిచే గుమాస్తా. తెల్లచొక్కా, నల్లప్యాంటు, రెండూ ఇస్త్రీవి. లేకుంటే గడప దాటనివ్వనని మొదటి రోజే చెప్పాడు. సాక్షి తన భాషలో చెప్పుకోవచ్చునని చట్టం పుస్తకాల్లో ఉంది. ఆ భాషను మోసుకొచ్చేవాడి చొక్కా ఎలా ఉండాలో ఏ పుస్తకంలోనూ లేదు. అయినా పుస్తకంలో ఉన్నదానికంటే లేనిదే ఆ గుమ్మం దగ్గర గట్టిగా అమలయ్యేది.

ఉపేంద్రకు ఉన్నది సైకిలు. ఊరి నుంచి తారురోడ్డు దాకా ఎర్రమట్టి బాట. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. కోర్టు బట్టలు తొడుక్కుని బయలుదేరితే చేరేసరికి వాటి రంగే మారిపోయేది. మడతపెట్టి, రెండు అట్టల నడుమ క్యారియర్‌కు కట్టి చూశాడు. గతుకులకు అట్టలు జారి, చొక్కా మీద అడ్డంగా నిలువుగా గీతలు పడ్డాయి. "ఏందయ్యా, జిల్లా నక్షా తొడుక్కొచ్చినవా?" అని పేష్కారు హిందీలో అంటే, వరండాలో ఉన్న వకీళ్లంతా నవ్వారు.

చివరికి ఉపాయం దొరికింది. చెడిపోయిన బోరింగు దగ్గర పడివున్న ప్లాస్టిక్ గొట్టంలోంచి నిలువు ప్యాంటు పట్టేంత ముక్క కోశాడు. అతని భార్య సోమి ఇత్తడి చెంబులో నిప్పులు పోసి బట్టలు ఇస్త్రీ చేసేది. గొట్టానికి మెత్తటి పాతచీర చుట్టి, దాని మీద ప్యాంటును పొడుగునా పరిచి, ఆపైన చొక్కాను బోర్లా వేసి, ఎక్కడా మడత పడకుండా ఇద్దరూ రెండు కొసలా పట్టుకుని చుట్టేవారు. పైన యూరియా సంచి, దాని మీద సుతిలి తాడు. ఆ చుట్టను హ్యాండిల్ నుంచి క్యారియర్ దాకా ఏటవాలుగా కట్టేవాడు.

"పెండ్లయిన కొత్తల గూడ నన్ను గింత పైలంగ సూసుకోలే నువ్వు" అనేది సోమి.

"నువ్వు నలిగితే పేష్కారు తలుపు మూస్తడా ఏంది?" అనేవాడు ఉపేంద్ర.

రోడ్డు మలుపులో పారామిలిటరీ క్యాంపు ఉంది. అక్కడి జవాన్లు మొదట్లో రెండుమూడుసార్లు చుట్ట విప్పించి చూశారు. తరువాత అలవాటుపడి, దూరం నుంచే "జడ్జి సాబ్ ఆగయే!" అని, జడ్జిగారొచ్చారంటూ ఎగతాళి చేసి వదిలేసేవారు. ఎగతాళైనా పరవాలేదు, చొక్కా నలగకుండా దాటేవాడు.

ఆ శ్రావణంలో వచ్చిన పిలుపు భీమే అనే ఆడమనిషి సాక్ష్యానికి. ఆమెది తర్రెం దాపున ఒక పల్లె. ఆమె తమ్ముడు లక్మా మందుపాతర కేసులో జైల్లో పడి ఏళ్లు గడిచాయి. పాతర పేలిన రోజున వాడు ఎక్కడున్నాడో కళ్లారా చూసి, వచ్చి చెప్పగల మనిషి ఆమె ఒక్కతే. జైల్లో లక్మా దగ్గుతున్నాడు, గుడ్డలో నెత్తురు పడుతోంది. ఆమె మాట కాగితం మీదికి ఎక్కితే ఈసారి బయటికి తెస్తానని వకీలు ధైర్యం చెప్పాడు. గోండీ తెలిసిన దుబాసీ మరొకడు లేడు గనుక ఉపేంద్రను పట్టుకుని, "నువ్వు మాత్రం తప్పొద్దు" అన్నాడు.

ఉపేంద్ర తప్పలేదు. రాత్రంతా కురిసిన వాన తెరిపి ఇవ్వగానే బయలుదేరాడు. క్యాంపులో ఆ వారమే పాత బలగం వెళ్లి కొత్తది దిగిన సంగతి అతనికి తెలియదు.

వాళ్లకు కనిపించింది దుబాసీ కాదు. మబ్బుపట్టిన పొద్దున, అడవి బాటలో ఒంటరి సైకిలు, దాని పక్కన తుపాకి పొడవున ఏదో చుట్ట. ఆగమని కేక వేశారు. ఆగాడు. చేతులెత్తమన్నారు. ఎత్తాడు. సామాను విప్పి కింద పెట్టమన్నారు.

కింద చీలమండ లోతు బురద. తాడు ముడి విప్పాడు గాని, చుట్టను కింద పెట్టలేకపోయాడు. ఆ సంచి కొసలు మూసినవి కావు. బురదనీళ్లు లోపలికి పోతే అంతా పోయినట్టే. దాన్ని పైకెత్తి భుజం మీద పెట్టుకుని, "సాబ్, కీచడ్ హై..." అన్నాడు, బురద ఉందని.

భుజానికెత్తిన ఆ చుట్ట వాళ్లకు ఎలా కనబడిందో అతనికి ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది. తుపాకులన్నీ టకటకమని అతని వైపు లేచాయి. వెనకనుంచి ఒకడు తన్నాడు. పడ్డవాడి భుజం మీద ఇంకొకడు తుపాకి మడమతో పొడిచాడు. ముఖం బురదలో ఉండగా చుట్టను కత్తితో చీల్చిన చప్పుడు వినపడింది. ప్యాంటు దులిపారు, చొక్కా విదిలించి కింద పడేశారు, గొట్టంలో టార్చి వేసి చూశారు, కర్ర దూర్చి చూశారు.

"కోర్టు సాబ్... దుబాసీని... ఇవాళ సాక్ష్యముంది" అని హిందీలో చెబుతూనే ఉన్నాడు.

"నోర్ముయ్. కోర్టువాడి వాలకమా ఇది?" అన్నాడొకడు.

ఎవరికో వైర్‌లెస్‌లో చెప్పారు. ఎవరో కనుక్కుని జవాబిచ్చేదాకా అతణ్ణి అలాగే కూర్చోబెట్టారు. పొద్దు బాగా ఎక్కాక, పొమ్మన్నారు. గొట్టం మాత్రం ఇవ్వలేదు. చొక్కా వీపు మీద బూటు అచ్చు పడింది.

కోర్టు ఎదుట భద్రమ్మ చాయ్ దుకాణం. పిలుపొచ్చిన రోజుల్లో ఆ రేకుల చాటునే అతను బట్టలు మార్చుకునేది. ఆమె అతణ్ణి చూసి గిన్నె దించేసింది.

"ఏంది తమ్మీ గిట్లొచ్చినవ్? లారీ గుద్దిందా?"

"క్యాంపోళ్లు. అక్కా, నీళ్లుంటే పొయ్యి. మా కేసు పిలిచిన్రా?"

"ఒకపారి పిలిచిన్రు. మల్ల పిలుస్తరేమో. నీల్లు పోస్తే ఇంకింత పులుముకుంటది గదరా! మా పిలగాని అంగి ఉన్నది, తొడుక్కుంటవా? పువ్వులది."

పువ్వుల చొక్కాకు గడప తెరుచుకోదు. చేతికి దొరికిన గుడ్డతో బూటు అచ్చును తుడిచాడు, అది రెండింతలైంది. ఆ చొక్కానే తొడుక్కుని, పొడిచిన భుజం పైకి లేవకపోతే రెండో చేత్తో గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తాడు.

పేష్కారు గుమ్మంలోనే అడ్డం నిలిచాడు. "ఇది కచేరీ అనుకున్నవా, బర్రెల మడుగనుకున్నవా?"

"సాబ్, క్యాంపుల ఆపిన్రు. సాక్షి లోపల ఉన్నది. గా మూలకు నిలబడి చెప్త, నన్ను సూడొద్దు, ఇనుండ్రి సాలు."

"సాహెబు చూస్తే నన్నంటడు. అవతలికి పో."

తెరిచిన తలుపులోంచి భీమే కనిపించింది. బోనులో కొయ్య పట్టుకుని నిలబడి, ఎవరు ఏమడిగినా ఒకే మాట అంటోంది. ఆ మాట వెనక సంకెళ్లతో కూర్చోబెట్టిన తమ్ముడికీ, గుమ్మం అవతల ఉన్న ఉపేంద్రకూ తప్ప ఎవరికీ అర్థం కాలేదు: "మా మాట తెలిసినోడు ఏడీ?" అతను అక్కడి నుంచే గోండీలో పలికాడు, "వచ్చిన అక్కా, ఈడున్న." అరిచినందుకు కోర్టు కాపలా జవాను అతణ్ణి వరండా చివరికి నెట్టాడు. వకీలు లేచి ఏదో విన్నవించుకున్నాడు. జడ్జి గడియారం చూసుకున్నాడు.

ఆనాటి ఉత్తర్వులో ఒకటే వాక్యం. దుబాసీ హాజరు కానందున సాక్షిని విచారించక తిప్పి పంపడమైనది, వాయిదా శీతకాలానికి. హాజరు కానివాడు ఆ సమయానికి అదే వరండాలో, రక్తం కట్టిన భుజంతో నిలబడి ఉన్నాడు.

భీమే బయటికి వచ్చింది. "ఏమన్నరు?"

చెప్పక తప్పలేదు. అది అతని పని. "దుబాసీ రాలేదన్నరు. చలికాలం రమ్మన్నరు."

ఆమె అతని చొక్కా కేసి, ముఖం కేసి చూసింది. తరువాత వరండాలోనే గోడకు ఆనుకుని కూర్చుంది. "ఈ మాట మోసుకుని రెండు వాగులు ఈదొచ్చిన. మల్ల మోసుకపోలేను. ఈడనే చెప్త. నీ పని నువ్వు చెయ్యి."

"ఎవలు రాసుకుంటరు అక్కా?"

"నువ్వు చెయ్యి."

ఆమె ఒక్కో వాక్యం చెబుతూ ఆగింది. అతను గోడకు చెయ్యి ఆనించుకుని హిందీలో పలికాడు. అప్పుడు ఇప్పపువ్వు రాలే కాలం. మా తమ్ముడి అరికాల్లో ముల్లు విరిగింది. కాలు గుమ్మడికాయంత వాచింది. చెట్టు కింద కూర్చున్నాడు. వాడి గంప కూడా నేనే నెత్తిన పెట్టుకున్నాను. పేలుడు వినపడితే, ఏం పేలింది అక్కా అని నన్నే అడిగాడు.

ఖైదీల బండి ఎక్కించడానికి లక్మాను అదే వరండా మీదుగా సంకెళ్లతో తీసుకుపోయారు. అక్క గొంతు విని ఆగబోయాడు. ముందుకు లాగారు. బండి లోపలి నుంచి దగ్గు వినిపించింది, ఆపైన ఇంజను.

భీమే చెప్పడం ఆపలేదు. ఉపేంద్ర కూడా ఆపలేదు. వాయిదాకు వచ్చినవాళ్లు కాసేపు చూసి, ఎవరి కేసు పిలుపుకు వాళ్లు లేచిపోయారు.