హవల్దారు తాత ఇచ్చిన బిరుదు

చైనాతో యుద్ధమైన కొత్తల్లో, మా జగ్గయ్యపేటలో కర్ర పట్టుకుని నడిచే ప్రతి కుర్రాడికీ తను లేకపోతే హిమాలయాలు కూలిపోతాయని గట్టి నమ్మకం. నాకైతే ఏ వారం కూలతాయో కూడా తెలుసు. ఊళ్లో వాలంటీర్ల దళం పెట్టారు. కవాతు నేర్పడానికి పటాలంలో పనిచేసి వచ్చిన సాయిబుగారొకరు దొరికారు. మేమంతా హవల్దారు తాత అనేవాళ్లం. ఆయన దగ్గర తిట్లు లేవు, ఉన్నది ఒకటే మాట: బేకవాతు. సిపాయి చెయ్యకూడని పని ఏది చేసినా బేకవాతే. గుండీ ఊడితే బేకవాతు, వరసలో నవ్వితే బేకవాతు. (ఒకసారి అడ్డమొచ్చిన గేదెనీ అదే మాట అన్నారు. అది చటుక్కున నిటారుగా నిలబడిందంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు.)

నందిగామలో పెద్ద కవాతు పెట్టారు. చిల్లకల్లు నుంచి నాకు పిల్లనివ్వాలనుకుంటున్న పెద్దమనిషి నన్ను చూడ్డానికి అక్కడికే వస్తున్నాడని మా బాబాయి కబురు తెచ్చాడు. "నీకు పొగరని ఎవరో ఆయన చెవిలో ఊదార్రా. ఆయన పట్టింపల్లా అదొక్కటే, జాగర్త," అన్నాడు. పిల్లని నేను అప్పటికే తిరునాళ్లలో చూశా. (ఎన్నిసార్లన్నది ఇక్కడ అనవసరం.) ఈ సంబంధం తప్పిపోతే హిమాలయాలు ఏమైపోయినా నాకు అక్కర్లేదు.

చెక్క తుపాకీలు భుజాన వేసుకుని పోతున్నాం. జనంలో ముందు వరసలోనే తెల్లపంచె, గొడుగుతో ఆయన. బాబాయి పక్కన నిలబడి నాకేసి వేలు చూపిస్తున్నాడు. కవాతులో తుపాకీ మీంచి చెయ్యి తియ్యకూడదు. కానీ పెద్దమనిషి ఎదురైతే దణ్ణం పెట్టకుండా పోయినవాడికి మా వైపు పిల్లని కాదు, మంచినీళ్లు కూడా ఇవ్వరు. రెండు చేతులూ ఎత్తేసా. తుపాకీ వెనకవాడి కాలి మీద పడింది, వాడు వాడి వెనకవాడి మీద పడ్డాడు, అలా కీసర దాకా వరసంతా కూలిందని నా లెక్క. "బేకవాతు" అన్న తాత అరుపు మునేరు అవతలికి వినపడింది.

ఆ మాటకు అర్థమేమిటని పెద్దమనిషి అడిగాడట. పటాలంలో ఇచ్చే బిరుదండి అని బాబాయి రెప్ప వెయ్యకుండా చెప్పాడు. తర్వాత నన్నడిగితే నేనూ తల వంచుకుని, ఎంతో వినయంగా ఒప్పుకున్నా. సంబంధం ఖాయమైంది. వాళ్లు శుభలేఖలు అచ్చేయించారు. నా పేరు, పక్కన కామా, ఆ పక్కన 'బేకవాతు'.

పెళ్లికి తాతని పిలవక తప్పలేదు. ఆయన పెళ్లిపందిట్లో కళ్లజోడు తగిలించుకుని శుభలేఖ చదివారు. మళ్లీ చదివారు. కాబోయే మామగారు పక్కకొచ్చి, ఈ బిరుదు ఎలాంటివాళ్లకిస్తారండి అని అడిగారు. తాళి ఇంకా పళ్లెంలోనే ఉంది.

తాత నా మొహంలోకి చూశారు. "చాలామందికే ఇచ్చానండి," అన్నారు నెమ్మదిగా. "పెద్దవాళ్లకి దణ్ణం పెట్టి పుచ్చుకున్నవాడు మాత్రం మీ అల్లుడొక్కడే."

మామగారు ఆ శుభలేఖని పటం కట్టించి, పోయేదాకా గోడకి ఉంచుకున్నారు. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు వెళ్లా, కాఫీ తాగి వచ్చేసా. ఇప్పుడు నాకే అల్లుడొచ్చే వయసు. నేను చెప్పేవాటిల్లో సగం తగ్గించుకుని వినమని మా ఆవిడే అందరికీ చెబుతుంది. తగ్గించుకోండి, తప్పులేదు. తుపాకీ వదిలేసి చేతులెత్తిన ఆ ఇరవై రెండేళ్ల వెర్రివాణ్ణి మాత్రం వదిలెయ్యండి. వాడు పెట్టిన దణ్ణం నిజమే.