అటక మీద గూబలు

మొన్న సాయంత్రం పక్క ఫ్లాట్‌లో ఎవరో పోపులో ఎండుమిరపకాయలు మాడబెట్టారు. నల్గొండలో మేముండే అపార్ట్‌మెంట్ మూడంతస్తులూ కలిసి దగ్గాయి. అందరూ కిటికీలు మూసుకుంటుంటే నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. మక్తల్ దగ్గర పల్లెటూళ్లో మా అత్తగారిల్లు కళ్లముందుకొచ్చింది.

ఎనభైల్లో నేను కోడలిగా వెళ్లేసరికి ఆ ఇంట్లో మా ఆయన, మామ, మామ అక్క ఉండేవారు. అత్త అప్పటికే లేదు. మామ అక్కను నేను పెద్దత్త అనేదాన్ని. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసిన మనిషి. వెనక గదిలో పల్లికాయ బస్తాలు, పైన చెక్క అటక. ఆ అటక మీద ఎవరుంటారో నాకెవరూ చెప్పలేదు. మొదటి సాయంత్రం దీపం పట్టుకుని ఆ గదిలోకి వెళ్తే, పైనుంచి ముసలివాళ్లెవరో ఆయాసపడుతున్నట్టు చప్పుడు. తలెత్తితే కోసిన ఆపిల్ పండులాంటి రెండు తెల్లటి ముఖాలు, పక్కపక్కన మెల్లగా ఊగుతూ నన్నే చూస్తున్నాయి. పరుగెత్తుకుంటూ వెళ్లి పెద్దత్త మీద పడ్డాను.

"గూబలకు భయమెందుకు బిడ్డా? గవ్వి మన ఇంట్ల కిరాయికున్నయి," అని నవ్వింది.

ఆ కిరాయి ఏమిటో మర్నాడు చూపించింది. అటక కింద నేల మీద నల్లటి ఉండలు. పుల్లతో విప్పితే, బూడిదరంగు బొచ్చులో చుట్టుకుని చిన్నచిన్న ఎలుక పుర్రెలు, పళ్లతో సహా. రాత్రంతా తిన్న ఎలుకల ఎముకల్ని గుడ్లగూబలు అలా కక్కేస్తాయట. పెద్దత్త వాటిని చేటలోకి ఊడ్చి మల్లెచెట్టు మొదట్లో పూడ్చేది. ఆ మల్లెలు తల్లో పెట్టుకోవడానికి నాకు చాలా కాలమే పట్టింది.

మా బాబు పుట్టిన ఏడు, మా వీధిలో ఒక బాలింత బిడ్డ పోయింది. మా ఇంటి గూబల కూతే పొట్టన పెట్టుకుందన్నారు. మామ అలాంటి మాటలు పట్టించుకునే మనిషి కాదు. కానీ ఇప్పుడు ఇంట్లో మనవడున్నాడు.

"పసిపిల్లగాడున్న ఇంట్ల గూబలేందక్కా?" అన్నాడు.

"నువ్వు పుట్టినప్పుడు సుత ఉండె గద తమ్మీ. నిన్నేమన్న చేసినయా?"

మామ మూకుట్లో నిప్పులు పోసి, గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి అటక కింద పెట్టి తలుపు మూశాడు. లోపల్నుంచి వచ్చిన అరుపు అచ్చం మనిషి అరుపే. పెద్దవి రెండూ గోడ సందులోంచి బయటపడి, సాయంత్రపు ఎండలో తడబడుతూ చేల మీదుగా ఎగిరిపోయాయి. ఇంకా ఎగరలేని గూబపిల్లలు మాత్రం కిందపడి చచ్చాయి. పెద్దత్త వాటిని కొంగులో చుట్టుకుని వెళ్లింది. మామ ఆ సందును మట్టితో పూడ్చేశాడు.

కొన్నాళ్లు ఇంట్లో నిశ్శబ్దం. ఆ తర్వాత ఎలుకల కొరుకుడు మొదలైంది. గోడల్లో, బస్తాల్లో, చివరికి దిండు కింద కూడా. దీపంలో నూనె, వత్తితో సహా మాయమయ్యేది. నిద్రలో పెద్దత్త జుట్టు కొస కొరికేశాయి. వెనక గదిలోకి దీపంతో వెళ్తే నేలే కదిలి పక్కకు జరిగినట్టుండేది. మందు పెట్టాం. ఆ మందు తిన్న ఎలుకను తిని మా పిల్లి చచ్చిపోయింది. అప్పుడిక వాటికి అడ్డే లేకపోయింది.

ఒక మధ్యాహ్నం వంటింట్లో ఉండగా, గోడల్లో కొరుకుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఇల్లు ఊపిరి బిగబట్టినట్టు అనిపించి బాబు దగ్గరికి పరుగెత్తాను. చీర ఉయ్యాల కింద నాగుపాము. దాని నోట్లో సగం ఎలుక, బయట ఉన్న తోక ఇంకా ఆడుతోంది. దానికి జానెడు పైన, ఉయ్యాల అంచు దాటి మా బాబు చేయి వేలాడుతోంది. వెనకనుంచి పెద్దత్త నా భుజం గట్టిగా పట్టుకుంది.

"కదలకు బిడ్డా. దాన్ని తిననీ."

మామ కర్రతో వచ్చాడు. "జరుగక్కా!"

"కొడితె పైకి లేస్తది తమ్మీ. పిల్లగాని చెయ్యి చూడు. జర ఆగు."

ఆగాం. తోక కూడా లోపలికి పోయింది. పాము తీరిగ్గా గోడ మూలనున్న ఎలుక బొక్కలోకి జారిపోయింది. నేను బాబును లాక్కున్నాను. మామ చేతిలోని కర్ర కింద పడిపోయింది.

ఆ సాయంత్రమే మామ నిచ్చెన వేసుకుని, పూడ్చిన సందును గడ్డపారతో తానే పగలగొట్టాడు. "మల్ల వస్తయంటవా అక్కా?" అన్నాడు నిచ్చెన మీదనుంచే.

"నాకేమెరుక? మనం వాటికి మంచిగ చెప్పి పంపినమా?"

అయినా రోజూ దీపాలవేళకు ఆమె అటక కింద కాసేపు నిలబడి చెవి ఒగ్గేది. వానాకాలాలు వచ్చిపోయాయి. బాబు బడికి పోతున్నాడు. ఒక ఎండాకాలం పెద్దత్త పోయింది.

తొంభైల్లో ఒక సాయంత్రం మామ వెనక గదిలోంచి చెయ్యూపి నన్ను పిలిచాడు. చప్పుడు చెయ్యొద్దని వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. పైనుంచి, ముసలివాళ్లెవరో ఆయాసపడుతున్నట్టు అదే చప్పుడు. పెద్దత్తను పిలవడానికి ఇద్దరం ఒకేసారి తలుపు వైపు తిరిగాం. తిరిగాక ఒకరి ముఖం ఒకరం చూసుకుని అలాగే ఆగిపోయాం. వాటిని తరమడానికి ఒక్క సాయంత్రం సరిపోయింది. అవి తిరిగొచ్చేసరికి, ఎదురుచూసిన మనిషి లేకుండా పోయేంత కాలం గడిచింది.