మాటలు రాసివ్వని పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయిందని పోయిన వారం తమ్ముడు పరకాలకొచ్చి చెప్పాడు. నేను అక్కడి బడిలో పిల్లలకు పాఠం చెబుతున్నాను. "అన్నం తిని జర ఒరిగింది అక్కా, మళ్ళ లేవలే" అన్నాడు. ముందు ఏడుపొచ్చింది. మంచాన పడి, దవాఖానల చుట్టూ తిరిగి బాధపడలేదు కదా అని ఆ వెంటనే మనసు కుదుటపడింది.

వరంగల్ మట్టెవాడలో మాకూ వాళ్ళకూ మధ్య ఒక పిట్టగోడే అడ్డం. పెద్దనాయిన బట్టల దుకాణానికి వెళ్ళగానే వీధి పిల్లలమంతా ఆమె డాబా మీదే. అష్టాచెమ్మలో ఓడిపోయేలా ఉంటే పెద్దమ్మ అప్పటికప్పుడు కొత్త రూలొకటి పెట్టేది. మేం గోల చేస్తే, "ఊకె రాసిపెట్టినట్టు ఆడితె ఏం మజా?" అని నవ్వేది.

నాకు చిన్నప్పటి నుంచీ నత్తి. డెబ్బైల చివర, ఆరో తరగతిలో, బడి నాటకంలో నాకొక్క మాట ఇచ్చారు: "మహారాజా, కోట తలుపులు తెరిచారు." "మ" దగ్గరే ఆగిపోయాను. హాలంతా నవ్వింది. ఆ నాటకానికి నాయినా వచ్చాడు. ఇంటికొచ్చాక అమ్మతో, "నలుగుట్ల నవ్వులపాలెందుకు? వచ్చే ఏడు దాని బడి బంద్ చేపిద్దాం" అన్నాడు.

ఆ ఎండాకాలం సెలవుల్లో పెద్దమ్మ తన డాబాను కేసముద్రం మార్కెట్ చేసింది. ఒకరు హమాలీ, ఒకరు బండివాడు. నేను మిర్చి అమ్మాలి.

"నే... నేనేం మాట్లాడాలె పెద్దమ్మా?"

"నాకేమెరుక బిడ్డా? నేను రాసిస్తె నా మాటలయితయి. సరుకు నీది, నోరు నీది."

కొనడానికి తనే వచ్చింది. ఉత్త గంపలో చెయ్యిపెట్టి, "గివేం మిరపకాయలు, అన్నీ పుచ్చులే! ఊకెనే ఇచ్చినా తీస్కోను" అంది.

నాకు కోపం నషాళానికంటింది. "తీస్కుంటె తీస్కో, లేకుంటె జరుగు! నా మిర్చి ఘాటుకు ములుగు దాక తుమ్ముతాండ్రు!"

ఎక్కడా ఆగలేదు. పిల్లలంతా నన్నే చూస్తుంటే అప్పుడు తెలిసింది నాకు. పిట్టగోడవతల, ఆరేసిన ధోతి తీయడానికొచ్చిన నాయిన కదలకుండా నిలబడి ఉన్నాడు. ఏమంటాడోనని గంపను దగ్గరికి లాక్కున్నాను. ఆయన గోడ దాటి వచ్చి, నా ముందు గొంతుక్కూర్చుని, "ఎట్లిస్తవమ్మా మిర్చి?" అన్నాడు.

జూన్‌లో బడికి ఆయనే తోలుకుపోయాడు. ఆ పొద్దు అమ్మ ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు వినిపించింది.

నత్తి పూర్తిగా పోలేదు. "ఆ మాట రాకుంటె ఇంకో మాటకెళ్ళి రా బిడ్డా, ఎవలు కొడ్తరు?" అనేది పెద్దమ్మ. ఈనాటికీ అట్లాగే పాఠం చెప్పుకొస్తున్నాను.

కబురు విన్న సాయంత్రమే వాళ్ళింటికి పోయాను. ముంగిట్లో చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు నన్నూ ఆమె గురించి ఏదన్నా చెప్పమన్నారు. ఏం చెప్పాలో ముందుగా అనుకుని పోలేదు నేను. మొదలుపెట్టాను, మధ్యలో మాట నిలిచిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. గడప కడుగుతున్న పెద్దమ్మ కోడలు, నీళ్ళ చెంబు వంచబోయి, నా మాట పూర్తయ్యేదాకా దాన్ని అట్లాగే పట్టుకుని నిలబడింది.